పాత క్రాఫ్ట్ 72.240 ఏఎం ట్రాన్స్‌మిటర్: ఉన్నది ఉన్నట్టు వాడొచ్చా, 2.4కి మార్చాలా?

బాల్సా_ఒహాయో:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో మోడల్ విమానాలను నేల మీంచి నడిపే రెండు పాత రేడియో సెట్లు దొరికాయి. తెలిసినవాళ్లు చెప్తే దాన్నిబట్టి ముందుకెళ్తాను.

మొదటిది క్రాఫ్ట్. 1970ల నాటిది, రెండు స్టిక్కులు, ఐదు ఛానళ్లు, ఏఎం. వెనక స్టిక్కరు మీద 72.240 (మెగాహెర్ట్జ్) అని ఉంది, యాంటెన్నా చివర తెలుపు, ఎరుపు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. దాంతోపాటు రిసీవరు, నాలుగు సర్వోలు (విమానం భాగాలను కదిపే చిన్న మోటార్లు) వచ్చాయి. బ్యాటరీ ప్యాక్ మైనస్ వైపు ఆకుపచ్చ పొడి పట్టింది. ఇంకా స్విచ్ వేయలేదు.

రెండోది ఫుటాబా కాంక్వెస్ట్. నాలుగు ఛానళ్లు, ఎఫ్‌ఎం, ఛానల్ 38, వెనక బంగారు రంగు ఏఎంఏ (అమెరికా మోడల్ విమానాల సంఘం) స్టిక్కరు. రిసీవరు ఉంది.

విమానం .40 గ్లో ఇంజిన్ పెట్టిన హైవింగ్ ట్రైనర్. క్రాఫ్ట్ స్టిక్కుల పట్టు చాలా బాగుంది, దాంతోనే ఎగరేయాలని ఉంది. అడగాల్సినవి ఇవీ: క్రాఫ్ట్‌ను ఉన్నది ఉన్నట్టు ఎగరేయొచ్చా? ఫుటాబా సంగతేంటి? 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్ (ఇప్పటి రేడియోలు వాడే బ్యాండ్‌లో సిగ్నల్ పంపే భాగం) పెట్టాలంటే పెట్టెకు కొత్త రంధ్రాలు పడకుండా చేయడం కుదురుతుందా? టంకం వేయడం వచ్చు, మల్టీమీటర్ ఉంది, చిన్న ఆసిలోస్కోప్ కూడా ఉంది.

---

టంకం_కడ్డీ:

ముందు స్విచ్ జోలికి వెళ్లకండి. మీరు చెప్పిన ఆకుపచ్చ పొడి సంగతి తేలాకే మిగతావి. పాత సెట్ల విమానాలు కూలడానికి ఈ మైనస్ వైరు కూడా ఒక కారణం.

నికెల్ కాడ్మియం సెల్‌లో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్. సీలు బలహీనపడితే అది బయటికొచ్చి మైనస్ వైరు ఇన్సులేషన్ లోపల రాగి తీగల వెంబడి మెల్లగా పాకుతుంది. పైన ప్లాస్టిక్ కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపల రాగి నల్లగా మారి పెళుసెక్కిపోతుంది. ఇంగ్లిష్ మోడల్ పత్రికల్లో దీన్ని బ్లాక్ వైర్ అంటారు. మీటరుతో చూస్తే వోల్టేజి సరిగ్గానే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు ఏమీ లేదు. నాలుగు సర్వోలు ఒక్కసారి కదిలినప్పుడే వైరు మీద వోల్టేజి పడిపోతుంది.

మైనస్ వైరును సెల్ దగ్గర, స్విచ్ దగ్గర, మధ్యలో కనెక్టర్ దగ్గర 5 మి.మీ. చొప్పున ఒలిచి చూడండి. రాగి ఎర్రగా మెరవాలి. ఎక్కడ నలుపు కనిపించినా ఆ వైరు మొత్తం, దాని కనెక్టర్, అది వెళ్లే స్విచ్ అన్నీ మార్చాలి. నల్లబడ్డ ముక్క కోసేసి మిగతాదానికి అతుకు వేస్తే లాభం లేదు, నలుపు మళ్లీ ముందుకు పాకుతుంది. అసలు దానికి టంకం కూడా పట్టదు. రిసీవర్ వైపు స్విచ్‌హార్నెస్‌ను (స్విచ్, దాని వైర్లు, ప్లగ్గులు) చూడకుండానే పారేయండి, కొత్తది పెట్టండి.

పెట్టె లోపల, బోర్డు మీద పొడి పడి ఉంటే పాత టూత్‌బ్రష్‌ను తెల్ల వెనిగర్‌లో ముంచి రుద్దండి. క్షారానికి ఆమ్లం విరుగుడు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పూర్తిగా ఆరేవరకు ఒక రోజు. పొటెన్షియోమీటర్లలోకి (స్టిక్కు స్థానాన్ని కొలిచే రెసిస్టర్లు) వెనిగర్ పోకుండా చూసుకోండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. పాత సెల్స్‌లో కాడ్మియం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకుండా బ్యాటరీ రీసైక్లింగ్‌కు ఇవ్వండి.

కొత్త ప్యాక్: ట్రాన్స్‌మిటర్‌కు ఎనిమిది నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్స్, నిల్వలో చార్జి పోగొట్టుకోని రకం, 2000 మి.ఆం.గం. (మిల్లీఆంపియర్ గంటలు). మొత్తం 9.6 వోల్టులు. ట్యాబులు వెల్డ్ చేసిన ప్యాక్ కొనండి. స్ప్రింగుల హోల్డర్‌లో సెల్స్ పెడితే కాంటాక్టు ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది, విమానంలో అయితే ఇంజిన్ వణుకుకు తప్పకుండా వదులవుతుంది. మూడు సెల్స్ లిథియం పాలిమర్ పెట్టొద్దు. నిండా చార్జైతే 12.6 వోల్టులు, పాత ప్యాక్ నిండా ఉన్నా 11.2 దాటేది కాదు. లిథియమే కావాలంటే మూడు సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, నిండితే 10.8. దానికి చార్జర్ వేరే, సెల్స్ బ్యాలన్స్ వైరు బయటికి తీయాలి.

సెట్టుతో వచ్చిన గోడ చార్జర్ 50 మిల్లీఆంపియర్లదై ఉంటుంది. అది 500 మి.ఆం.గం. ప్యాక్‌కు రాత్రంతా పెట్టడానికి చేసింది. 2000 ప్యాక్‌కు దాంతో 56 గంటలు పడుతుంది. 200 మిల్లీఆంపియర్ల దగ్గర 14 గంటలు పెట్టండి. చార్జింగ్ జాక్‌లో మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, మీటరు పెట్టి చూశాకే గుచ్చండి. కొన్ని సెట్లలో జాక్ దగ్గర డయోడ్ ఉంటుంది. అలాంటివాటిలో జాక్ ద్వారా ప్యాక్‌ను డిస్చార్జ్ చేసి కొలవడం కుదరదు, ప్యాక్ బయటికి తీసి కొలవాలి.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు ప్యాక్ పెట్టకుండా, కరెంటు పరిమితి ఉన్న పవర్ సప్లైతో 9.6 వోల్టులకు వేయండి, పరిమితి 300 మిల్లీఆంపియర్లు. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (సిగ్నల్ గాల్లోకి పోకుండా చూసే రెసిస్టర్) పెట్టండి. 72 మెగాహెర్ట్జ్ సెట్టు సాధారణంగా 150 నుంచి 250 మధ్య లాగుతుంది. పరిమితికి తగిలిందంటే టాంటలం కెపాసిటర్ షార్టయిందని ముందు అనుమానించండి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ ఎలాగూ మార్చాల్సినవే. బోర్డుకు నాలుగైదు ఉంటాయి, అరగంట పని.

---

పిన్నుబోర్డు:

ఫ్రీక్వెన్సీ విషయం నేను చెప్తాను.

72.240 ఇప్పుడు అమెరికాలో మోడల్ ఫ్రీక్వెన్సీ కాదు. పాత ప్లానులో 72.080, 72.160, 72.240, 72.320, 72.400, 72.960, 75.640 అని కొన్నే ఉండేవి, వాటి గుర్తులే మీ రెండు రంగుల రిబ్బన్లు. తెలుపు, ఎరుపు అంటే 72.240. తర్వాత వచ్చిన ప్లానులో 72.010 నుంచి 72.990 వరకు 20 కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున 11 నుంచి 60 దాకా ఛానళ్లు వచ్చాయి. చివరి అంకెలు చూడండి: 010, 030, 050, అన్నీ బేసి పదులే. 240 వీటిలో ఎక్కడా పడదు, 72.230కీ 72.250కీ సరిగ్గా మధ్యన ఉంటుంది. అంటే మీరు స్విచ్ వేస్తే ఛానల్ 22 వాడికీ 23 వాడికీ ఇద్దరికీ తగులుతారు. మోడల్ ఛానళ్ల నడుమ ఉన్న ఆ ఖాళీలు వేరే స్థిర సర్వీసులకు ఇచ్చినవి కూడా.

క్రిస్టల్ మార్చి 72.230కి తెస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 1991 నుంచి నారోబ్యాండ్ (సిగ్నల్ సన్నగా ఉండాలన్న) నియమం. పాత ఏఎం సెట్టు సిగ్నల్ వెడల్పు ఎక్కువ, పక్క ఛానల్లోకి ఒలుకుతుంది. పైగా ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) ధ్రువీకరణ ఉన్న ట్రాన్స్‌మిటర్ లోపల మన ఇష్టానికి ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్ పుట్టించే భాగం) మార్పులు చేయకూడదు. కాబట్టి ఆ క్రాఫ్ట్ ఆర్‌ఎఫ్ బోర్డుతో ఎగరేయడం లేదు, అంతే. వర్క్‌షాపులో పరీక్షకు కూడా యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టడం పద్ధతి.

ఫుటాబా సంగతి వేరు. ఛానల్ 38 అంటే 72.550. బంగారు స్టిక్కరు నారోబ్యాండ్‌కు సరిపోయిందన్న గుర్తు. ఇప్పటికీ చట్టబద్ధం, లైసెన్సు అక్కర్లేదు. అయితే దాని రిసీవరు కూడా నారోబ్యాండ్‌దే అవ్వాలి, వీలైతే డ్యుయల్ కన్వర్షన్. ఎందుకో చెప్తాను.

సింగిల్ కన్వర్షన్ రిసీవర్ వచ్చిన సిగ్నల్‌ను నేరుగా 455 కిలోహెర్ట్జ్‌కు దించుతుంది. 23 ఛానళ్ల దూరంలో ఉన్న రెండు ట్రాన్స్‌మిటర్ల తేడా 460 కిలోహెర్ట్జ్. ఆ రెండూ దగ్గరలో ఆన్ అయితే వాటి తేడా రిసీవర్ లోపల 455 పక్కనే పుడుతుంది, మీ ఛానల్ ఏదైనా సరే. డ్యుయల్ కన్వర్షన్ రిసీవర్ ముందు 10.7 మెగాహెర్ట్జ్‌కు తెచ్చి తర్వాత 455కు దించుతుంది, అందుకని ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇప్పుడు మైదానంలో అందరూ 2.4 వాడుతున్నారు కదా, ఇక 72లో అడ్డొచ్చేదెవరు అనిపిస్తుంది. నిజమే, బ్యాండ్ ఇప్పుడు ఉన్నంత ఖాళీగా ఎన్నడూ లేదు. కానీ ఇంకొక్కడు 38లో ఉన్నా రెండు విమానాలూ పోతాయి. 2.4 సెట్ల మాదిరిగా ఇవి ఒకదాన్నొకటి గుర్తుపట్టి తప్పుకోవు. క్లబ్బులో పిన్నుబోర్డు (ఎవరు ఏ ఛానల్ వాడుతున్నారో పిన్నులతో చూపే బోర్డు) తీసేసి ఉంటే నోటితో అందరినీ అడిగి, 38 అని రాసిన పిన్ను యాంటెన్నాకు తగిలించుకున్నాకే స్విచ్ వేయండి.

క్రిస్టళ్ల గురించి ఒక హెచ్చరిక. సింగిల్ కన్వర్షన్ రిసీవర్ క్రిస్టల్, డ్యుయల్ కన్వర్షన్ రిసీవర్ క్రిస్టల్ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, ఛానల్ నంబరూ ఒకటే. ఒకదాని బదులు ఒకటి పనిచేయదు. అలాగే రిసీవరు వేరే కంపెనీది కొంటే షిఫ్ట్ (పల్సు వచ్చినప్పుడు ఫ్రీక్వెన్సీ ఏ వైపు జరుగుతుందన్నది) చూసుకోవాలి: ఫుటాబా, హైటెక్ నెగటివ్ షిఫ్ట్, జేఆర్, ఎయిర్‌ట్రానిక్స్ పాజిటివ్ షిఫ్ట్. ఏఎం అయితే ఈ గొడవ లేదు, ఎఫ్‌ఎంలోనే.

రిసీవర్ యాంటెన్నా వైరు దాదాపు మీటరు ఉంటుంది. కోయొద్దు, చుట్ట చుట్టి లోపల కుక్కొద్దు, కార్బన్ ఫైబర్ పక్కన నడపొద్దు. తోక దాకా తిన్నగా లాగండి, మిగిలితే వెనక వేలాడనివ్వండి.

---

పల్స్_వరస:

క్రాఫ్ట్‌ను 2.4కి మార్చడం మంచి పని, పెట్టెకు ఒక్క కొత్త రంధ్రం కూడా అక్కర్లేదు. 1967లో కార్సికాలో ప్రపంచ ఛాంపియన్ అయిన ఫిల్ క్రాఫ్ట్ కంపెనీ సెట్టు అది. ఎగరేసేవాడి వేళ్లకు ఏం కావాలో తెలిసినవాడు చేయించిన స్టిక్కులవి. పారేయాల్సింది ఆర్‌ఎఫ్ భాగం ఒక్కటే. దాన్ని కూడా పారేయకండి, సంచిలో కట్టి లేబుల్ రాసి దాచండి.

లోపల రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఎన్‌కోడర్ ఐదు ఛానళ్ల స్థానాలను వరసగా పల్సులుగా మారుస్తుంది. ఆర్‌ఎఫ్ బోర్డు ఆ పల్సులను గాల్లోకి పంపుతుంది. మనకు కావాల్సింది ఆ రెండింటి మధ్య వైరు.

ఆర్‌ఎఫ్ బోర్డు క్రిస్టల్ తీసేయండి. యాంటెన్నా స్క్రూ విప్పి తీసేయండి. ఇప్పుడు స్కోప్ గ్రౌండ్ క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు పెట్టి, ఎన్‌కోడర్ నుంచి ఆర్‌ఎఫ్ బోర్డుకు వెళ్లే ఒక్కో వైరును చూడండి, 2 మిల్లీసెకన్లకు ఒక గడి చొప్పున. ఐదు ఛానళ్ల సెట్టులో ఆరు సన్నని పల్సులు, ఒక్కోటి 0.3 నుంచి 0.4 మిల్లీసెకన్లు. ఒక పల్సు అంచు నుంచి తర్వాతి పల్సు అదే అంచు దాకా ఉన్న దూరమే ఛానల్ విలువ: స్టిక్కు మధ్యలో ఉంటే 1.5 దగ్గర, చివర్లకు 1 నుంచి 2 మధ్య. ఆరో పల్సు తర్వాత పెద్ద ఖాళీ, అదే సింక్. మళ్లీ మొదలు. ఏ స్టిక్కు కదిపితే ఏ ఖాళీ పెరుగుతుందో కాగితం మీద రాసుకోండి, తర్వాత అదే పనికొస్తుంది.

మాడ్యూల్‌గా ఇప్పుడు తేలిగ్గా దొరికేది నాలుగు చిప్పుల మల్టీప్రొటోకాల్ (చాలా కంపెనీల రిసీవర్లతో మాట్లాడగల) రకం. మీద 16 స్థానాల రోటరీ స్విచ్ ఉన్నది చూసి కొనండి. 0 కొత్త రేడియోల సీరియల్ సిగ్నల్‌కు, 1 నుంచి 15 దాకా మనలాంటి పల్సు వరసకు. ఏ స్థానానికి ఏ ప్రొటోకాల్ అన్నది కంప్యూటర్‌తో ముందే నింపుకోవాలి. మీ రిసీవరు ఏ కంపెనీదో దాన్నిబట్టి ఎంచుకోండి. పవర్ ఇన్‌పుట్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో మాడ్యూల్ మీద చూసుకోండి, 12 దాకా అని ఉంటే నేరుగా ప్యాక్‌కు కలపొచ్చు.

ఎన్‌కోడర్ పల్సు ఎత్తు బ్యాటరీ వోల్టేజి దాకా ఉండొచ్చు, మాడ్యూల్‌కు అంత తగలకూడదు. మధ్యలో ఒక 2ఎన్3904 ట్రాన్సిస్టర్ పెట్టండి. ఎన్‌కోడర్ అవుట్‌పుట్ నుంచి 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బేస్‌కు. ఎమిటర్ గ్రౌండుకు. కలెక్టర్ నుంచి మాడ్యూల్ పల్సు పిన్నుకు, అదే కలెక్టర్ నుంచి 10 కిలో ఓమ్‌లు మాడ్యూల్ 3.3 వోల్టులకు. బేస్‌కు 10 కిలో ఓమ్‌లు పెట్టమని చాలాచోట్ల రాస్తారు. కొన్ని పాత ఎన్‌కోడర్ల అవుట్‌పుట్ బలహీనంగా ఉంటుంది, అంత భారం వేస్తే పల్సులే మారిపోతాయి. 47 చాలు.

ఇలా పెడితే సిగ్నల్ తలకిందులవుతుంది కదా అని కంగారు పడొద్దు. సన్నని పల్సులన్నీ ఒకే వెడల్పు ఉన్నంతవరకు పైకెక్కే అంచుల మధ్య దూరమూ, కిందికి దిగే అంచుల మధ్య దూరమూ ఒకటే.

ఆర్‌ఎఫ్ బోర్డు పవర్ వైరు ఒక్కటి తీస్తే సరిపోదు, సిగ్నల్ వైరు కూడా విప్పండి. లేకపోతే పవర్ లేని ట్రాన్సిస్టర్ బేస్ మీ పల్సులను కిందికి లాగుతుంది.

యాంటెన్నాకు పాత టెలిస్కోపిక్ బిగించిన రంధ్రమే వాడండి. ఆ కొలతకు నైలాన్ బుష్ లేత్ మీద తిప్పించి, మధ్యలో 6.5 మి.మీ. రంధ్రం వేసి రివర్స్ ఎస్‌ఎంఏ సాకెట్ బిగించండి. పెట్టె అల్యూమినియం, కాబట్టి యాంటెన్నా బయటే ఉండాలి. పొట్టి యాంటెన్నాను 90 డిగ్రీలు వంచి పెట్టండి, దాని కొన విమానం వైపు చూడకూడదు, కొన దిశలో సిగ్నల్ అతి తక్కువ. యాంటెన్నా లేకుండా మాడ్యూల్‌కు పవర్ ఇవ్వొద్దు.

క్రాఫ్ట్ సర్వోలు ఇంకా పనిచేస్తున్నా విమానంలో పెట్టకండి. వైర్లు మూడా నాలుగా లెక్కపెట్టండి. నాలుగు వైర్లవి బ్యాటరీ మధ్య నుంచి 2.4 వోల్టుల ట్యాప్ తీసుకునే రకం, ఇప్పటి రిసీవర్‌లో ఆ ట్యాప్ ఉండదు. మూడు వైర్లవైనా పాత కనెక్టర్లలో ప్లస్, మైనస్ వరస ఇప్పటిదానిలా ఉంటుందని నమ్మొద్దు.

---

బాల్సా_ఒహాయో:

ధన్యవాదాలు, చాలా వివరంగా చెప్పారు. మైనస్ వైరు స్విచ్ దాకా నలుపే, మొత్తం మార్చాను. కెపాసిటర్లు కూడా కొత్తవి. పవర్ సప్లై మీద సరిగ్గానే పనిచేసింది. పల్స్_వరస గారు చెప్పినట్టే ఆరు పల్సులు కనిపించాయి, ఎత్తు 9 వోల్టులు, మొత్తం వరస 18 మిల్లీసెకన్లకోసారి. ట్రాన్సిస్టర్ పెట్టి మాడ్యూల్ కలిపాను, రిసీవర్‌తో బైండ్ అయింది (రెండూ జత కుదిరాయి).

ఇప్పుడు మిగిలినవి నాలుగు. థ్రాటిల్ (ఇంజిన్ వేగం) స్టిక్కు కదిపితే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కదులుతోంది. రడ్డర్ (తోక చుక్కాని) తిరగబడింది, ఈ సెట్టులో రివర్స్ స్విచ్చులే లేవు. ఎలిరాన్ (రెక్కల చివరి పలకలు) సర్వో మధ్యలో ఆగకుండా సన్నగా వణుకుతోంది. పెట్టె ముందువైపున్న మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

---

పల్స్_వరస:

మొదటిది తేలిక. మల్టీ మాడ్యూల్ ఛానళ్లు ఎలిరాన్, ఎలివేటర్, థ్రాటిల్, రడ్డర్ అన్న వరసలో వస్తాయనుకుంటుంది. మీ కాగితం మీది వరస వేరుగా ఉంది. రిసీవర్ దగ్గర సర్వో ప్లగ్గులు అటూ ఇటూ మార్చి సరిపెట్టేయొచ్చనిపిస్తుంది, కానీ ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే సర్వోలు వెళ్లాల్సిన స్థానం) పెట్టేటప్పుడు కొన్ని ప్రొటోకాళ్లలో ఏది థ్రాటిల్ అన్నది ముఖ్యం. ఎన్‌కోడర్ బోర్డు దగ్గరే స్టిక్కుల వైర్లు మార్చి సరైన వరసకు తెచ్చుకోవడం నయం.

రడ్డర్: ఆ స్టిక్కు పొటెన్షియోమీటర్‌కు మూడు వైర్లు ఉంటాయి. చివరి రెండింటినీ ఒకదాని చోట ఒకటి టంకం వేయండి, మధ్యది కదపొద్దు. దిశ మారుతుంది. ట్రిమ్ (సెంటర్‌ను కొద్దిగా సర్దే మీట) పొటెన్షియోమీటర్ ఒంటినే తిప్పే రకమైతే ట్రిమ్ కూడా దాంతోపాటే మారుతుంది. ట్రిమ్‌కు వేరే పొటెన్షియోమీటర్ ఉంటే దానికీ అలాగే చేయాలి, లేకపోతే ట్రిమ్ ఎడమకు నెడితే రడ్డర్ కుడికి పోతుంది. తర్వాత సెంటర్ కొంచెం జరిగి ఉంటుంది. పొటెన్షియోమీటర్ బిగింపు వదులు చేసి, స్కోప్ మీద 1.5 మిల్లీసెకన్లు వచ్చేదాకా ఒంటిని తిప్పి బిగించండి. సర్వో చెయ్యి చూసి సెంటర్ చేయొద్దు, స్కోప్ చూసే చేయండి.

వణుకు రెండు రకాలు. స్టిక్కు ఒకే స్థానంలో వణికి, కొంచెం జరిపితే ఆగిపోతే అది పొటెన్షియోమీటర్ మురికి లేదా అరుగుదల. ఫేడర్ల కోసం చేసిన డీఆక్సిట్ (కాంటాక్ట్ క్లీనర్) ఒక చుక్క వేసి స్టిక్కును ఆ చివర నుంచి ఈ చివరకు ఓ యాభైసార్లు కదపండి. డబ్ల్యూడీ-40 వద్దు, అది కార్బన్ ట్రాక్ మీద పొరలా నిలిచి దుమ్ము పడుతుంది. ఎంత శుభ్రం చేసినా అదే చోట వణికితే ట్రాక్ అరిగింది, మార్చాల్సిందే. సెంటరే ఎక్కువ అరుగుతుంది, స్టిక్కు జీవితమంతా ఉండేది అక్కడే కదా.

అన్ని సర్వోలూ, అన్ని స్థానాల్లోనూ వణికితే తప్పు మాడ్యూల్ వైపు. 2.4 మాడ్యూల్ కరెంటును తెరలు తెరలుగా లాగుతుంది, ఆ కుదుపు ఎన్‌కోడర్ సప్లైలోకి వెళ్తుంది. మాడ్యూల్ పవర్ పిన్నుల దగ్గరే 470 మైక్రోఫారడ్‌ల మంచి కెపాసిటర్, పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ పెట్టండి. మాడ్యూల్ మైనస్‌ను ఎన్‌కోడర్ బోర్డు మీద కాకుండా తిన్నగా ప్యాక్ స్విచ్ దగ్గరికి వేయండి. అప్పటికీ తగ్గకపోతే పల్సు వైరులో 1 కిలో ఓమ్ సిరీస్‌లో, ఎన్‌కోడర్ చివర 100 పికోఫారడ్ గ్రౌండుకు. పల్సు ఆకారం దాంతో చెడదు, 2.4 సిగ్నల్ వెనక్కి ఎన్‌కోడర్‌లోకి రాకుండా ఆగుతుంది. మీకు ఎలిరాన్ ఒక్కటే అన్నారు కాబట్టి ముందు పొటెన్షియోమీటరే చూడండి.

మీటరు: చాలా పాత సెట్లలో అది ఆర్‌ఎఫ్ బలం చూపించేది. ఆర్‌ఎఫ్ బోర్డు లేదు కాబట్టి సున్నా. వోల్టుమీటరుగా మార్చండి, అదే ఇప్పుడు ఎక్కువ ఉపయోగం. ముల్లు నిండా కదలడానికి ఎంత కరెంటు కావాలో ముందు కొలవండి. 200 మైక్రోఆంపియర్లయితే ప్యాక్ ప్లస్ నుంచి 60 కిలో ఓమ్‌ల ద్వారా మీటరుకు ఇవ్వండి, నిండా 12 వోల్టులు. 8.8 దగ్గర లోపల స్కేలు మీద చిన్న గుర్తు పెట్టండి. సెల్‌కు 1.1 అన్నమాట, ముల్లు అక్కడికి వచ్చేలోపు విమానం నేల మీద ఉండాలి.

---

ఆరు_మీటర్లు:

పైన చెప్పినవన్నీ సరైనవే, ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. ఎన్‌కోడర్, ఆర్‌ఎఫ్, రిసీవరు, సర్వోలు నాలుగూ ఒకే కంపెనీవి, చెక్కుచెదరకుండా ఉన్న సెట్టు రోజురోజుకూ తక్కువవుతోంది. ఆర్‌ఎఫ్ బోర్డు వైర్లు కోయకుండా మధ్యలో కనెక్టర్ పెట్టి తీయండి. ఏ వైరు ఏ రంగుదో ఫొటో తీసి పెట్టెలో కాగితం వేయండి. తర్వాత ఎవరైనా తిరిగి అసలు స్థితికి తేవాలంటే గంటలో అయిపోవాలి. అమెరికాలో వింటేజ్ రేడియో కంట్రోల్ సొసైటీ ఇలాంటి సెట్ల కోసమే ఉంది. రీడ్ సెట్లు, రబ్బరుబ్యాండ్ ఎస్కేప్‌మెంట్లు, గ్యాలపింగ్ ఘోస్ట్ లాంటి ఇంకా పాత కంట్రోల్ పద్ధతుల దాకా బతికించి ఉంచినవాళ్లు వాళ్లు.

హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. టెక్నీషియన్ స్థాయి చాలు, 6 మీటర్ల బ్యాండ్ మొత్తం వాడుకోవచ్చు. మోడళ్లకు వాడుకలో ఉన్నది 50.800 నుంచి 50.980. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాటకూడదు, కాల్‌సైన్, పేరు, చిరునామా రాసిన లేబుల్ ట్రాన్స్‌మిటర్ మీద ఉంటే ప్రతిసారీ కాల్‌సైన్ పంపక్కర్లేదు. మార్పులు మన చేతులతో మనం చేసుకోవచ్చు, అదే పెద్ద తేడా. కానీ 72 సెట్టును 50కి తేవడం క్రిస్టల్ మార్పు కాదు. ఆసిలేటర్, డ్రైవర్, ఫైనల్ కాయిల్స్ అన్నీ, అటు రిసీవర్ ముందు కాయిల్స్ కూడా మళ్లీ చుట్టాలి. 53 మెగాహెర్ట్జ్‌కే చేసిన పాత క్రాఫ్ట్ సెట్లు సేల్స్‌లో కనిపిస్తుంటాయి, అసలు సెట్టుతోనే ఎగరేయాలన్న పట్టుదల ఉంటే అలాంటిది వెతకండి, ముందు స్థానిక హామ్‌లు ఆ ఫ్రీక్వెన్సీ మీద రిపీటర్ నడుపుతున్నారేమో చూడండి. ఈ 72.240ని మాత్రం పల్స్_వరస గారు చెప్పినట్టే చేయండి.

---

కీసర_గాలి:

హైదరాబాద్ నుంచి. అమెరికాలో ఉన్న మా బావ ఇలాంటి ఫుటాబా 72 ఎఫ్‌ఎం సెట్టు తెస్తానంటున్నారు. ఇక్కడ వాడొచ్చా అన్నా?

---

పిన్నుబోర్డు:

అమెరికా నియమం అమెరికాకే తమ్ముడూ. ఇంగ్లండ్‌లో మోడల్ విమానాలకు 35 మెగాహెర్ట్జ్, అక్కడ 72 చెల్లదు. ఇండియాలో లైసెన్సు లేకుండా వాడుకునేవాటిలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ ఉన్నాయి. 72ను అలా అనుకుని స్విచ్ వేయొద్దు, డబ్ల్యూపీసీ (కేంద్రంలో రేడియో లైసెన్సులిచ్చే విభాగం) వాళ్లను అడగకుండా అసలు వద్దు. సెట్టు తెప్పించుకుంటే స్టిక్కులు, పెట్టె కోసం తెప్పించుకో, లోపల 2.4 పెట్టుకో. వెనక గుండ్రటి ట్రైనర్ సాకెట్ (నేర్పేవాళ్ల సెట్టుకు కలిపేది) ఉంటే పల్సులు అక్కడే దొరుకుతాయి. రేడియో సామాను దేశంలోకి తేవడానికి కూడా అనుమతులుంటాయి, బావగారు విమానం ఎక్కేముందే కనుక్కోండి. ఎగరేసే చోటు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) మ్యాప్‌లో ఏ రంగులో ఉందో చూసుకో, హకీంపేట, దుండిగల్ రెండూ వాయుసేన మైదానాలే.

---

బాల్సా_ఒహాయో:

ఎలిరాన్ పొటెన్షియోమీటర్ శుభ్రం చేశాక వణుకు పోయింది. రడ్డర్, మీటరు కూడా అయ్యాయి. మైదానంలో మొదటిసారి ఏ వరసలో పరీక్షించాలో చెప్పగలరా?

---

టంకం_కడ్డీ:

ప్రొపెల్లర్ తీసేసి ఇంట్లోనే ఫెయిల్‌సేఫ్ పెట్టండి. థ్రాటిల్ పూర్తిగా కిందికి, మిగతావి సెంటర్. ట్రాన్స్‌మిటర్ ఆపేసి చూడండి, థ్రాటిల్ సర్వో ఐడిల్ వైపు పోవాలి. పోకపోతే ఎగరేయొద్దు. మీ క్రాఫ్ట్ ఎన్‌కోడర్‌కు ఫెయిల్‌సేఫ్ అంటే ఏంటో తెలియదు. అది రిసీవర్‌లోనే దాచుకోవాలి, రిసీవర్ బటన్ నొక్కి పెట్టే రకమైతే నొక్కే క్షణంలో థ్రాటిల్ స్టిక్కు కిందే ఉండాలి.

మైదానంలో మాడ్యూల్ పవర్ తగ్గించి (దీన్నే రేంజ్ మోడ్ అంటారు) 30 మీటర్లు నడవండి. ఇంకొకరు విమానం పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిప్పాలి, అన్ని దిశల్లోనూ సర్వోలు తడబడకుండా కదలాలి. తర్వాత ఇంజిన్ ఫుల్ మీద పెట్టి మళ్లీ అదే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బాగుండి, తిరుగుతున్నప్పుడు తడబడితే వణుకుకు వదులయ్యే కాంటాక్టు ఎక్కడో ఉంది, రిసీవర్ స్విచ్, బ్యాటరీ ప్లగ్గు ముందు చూడండి. రిసీవర్‌ను స్పాంజిలో చుట్టండి, గట్టిగా నొక్కి కాదు.

ఫుటాబా ఎఫ్‌ఎం పరీక్షించేటప్పుడు రేంజ్ మోడ్ ఉండదు. యాంటెన్నా పూర్తిగా మూసి అదే 30 మీటర్లు. అంతకుమించి యాంటెన్నా మూసి ఆన్‌లో ఉంచొద్దు, ఫైనల్ ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది. ఎగరేసేముందు ఆఖరి గడి దాకా లాగారో లేదో చేత్తో తడిమి చూడండి. పాత టెలిస్కోపిక్ గడుల మధ్య నల్లటి పొర ఉంటే ఆల్కహాల్ గుడ్డతో తుడిచేయండి, ఆ పొర వల్ల లాగిన యాంటెన్నా కూడా కొంతమేర లేనట్టే అవుతుంది. రెండు పరీక్షల్లోనూ దూరం ఎంత వచ్చిందో పెట్టె లోపల మూత మీద పెన్సిల్‌తో రాసి ఉంచండి. తర్వాతి సీజన్‌లో అదే చోట, అదే పద్ధతిలో కొలిచినప్పుడు తగ్గిందంటే, ఎగరేయకముందే విప్పి చూడాలి.